ఏటవాలు మెడ

మా వదిన మసెలీనాని ఎవరైనా పొగిడితే ఆవిడ ముందు వాళ్ళ మొహం చూడదు, చేతులు చూస్తుంది. పొగడ్త నోటితో మొదలై చేతులతో పూర్తవుతుందని ఆవిడ నమ్మకం. మా సమోవాలో అది వట్టి అనుమానం కూడా కాదు. ఒకరి వస్తువు బాగుందని నలుగురిలో అన్నామంటే వాళ్ళు దాన్ని మనకి ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే పిసినారి అన్న పేరు పిల్లల పెళ్ళిళ్ళదాకా వెంటపడుతుంది. అందుకే మర్యాద తెలిసినవాళ్ళు పక్కవాళ్ళ మంచి వస్తువుని చూసీ చూడనట్టు ఊరుకుంటారు. అన్నీ తెలిసి కూడా పొగిడేవాళ్ళని మా వదిన దొంగల జాబితాలో వేస్తుంది. నేనూ అంతే, ఆ విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

మా అన్నయ్యని చేసుకుని వచ్చినప్పుడు ఆవిడ వెంట ఒక చాపల కట్ట, ఒక చేతి కుట్టుమిషను వచ్చాయి. చాపలు చావులకీ పెళ్ళిళ్ళకీ పంచిపెట్టేశాం. మిషను ఉంది, అన్నయ్య లేడు. వదిన రోడ్డు పక్కన బల్ల వేసుకుని కాల్చిన కోకో గింజల ముద్దలు అమ్ముతుంది, సాయంత్రం కిటికీ తెర లాగి తన బట్టలు తనే కుట్టుకుంటుంది. తెర ఎందుకంటే, మా ఊరి ఆడవాళ్ళ కళ్ళకి టేపు అక్కర్లేదని అంటుంది.

చర్చి పాటల జట్టులో మా అందరికీ ఒకే తానులోంచి గుడ్డ కోసి ఇస్తారు. దానితో పులెతాసి కుట్టించుకుంటాం, అంటే మోకాళ్ళదాకా పొడుగు చొక్కా, కింద అదే గుడ్డతో లుంగీలాంటి చుట్టు. గుడ్డ అందరిదీ, కోత మాత్రం ఎవరిది వారిది. గొప్పలు పోవాలన్నా, ఏడవాలన్నా మాకు మిగిలింది ఆ మెడా, ఆ చేతులే. మిగతావాళ్ళు ఆపియా పట్నం వెళ్ళి దర్జీల దగ్గర ఆ ఏడు ఏది నడుస్తుంటే అది కుట్టించుకొస్తారు. ఒక ఏడు బుట్టచేతులు, మరో ఏడు వీపంతా ఖాళీ. పాస్టరమ్మగారు దగ్గితే ఆ ఖాళీ వీపులన్నీ తువ్వాళ్ళ కింద దూరాయి, అది వేరే కథ. వదిన మాత్రం పెళ్ళినాటి నుంచి ఒకటే మెడ. కుడి భుజం దగ్గర మొదలై ఎడమ పక్కకి ఏటవాలుగా దిగే మెడ.

"ఎప్పుడూ అదే కుడతావు, విసుగు రాదా వదినా?" అని అడిగానొకసారి.

"నా మొహం కూడా ఎప్పుడూ అదేగా, దాన్నేమైనా మార్చానా?" అంది.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆవిడ జ్వరంతో పడుకుంటే ఒళ్ళు తుడుస్తున్నాను. ఎడమ భుజం కుడిదానికంటే బాగా కిందికి ఉంది. చిన్నప్పుడు సీమపనస చెట్టు మీంచి పడితే ఎముక వంకరగా అతుక్కుందట. మామూలు మెడ వేసుకుంటే ఆ వంకర కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మెడనే వాలుగా కోస్తే చూసేవాళ్ళు కోతని చూస్తారు, భుజాన్ని చూడరు. మా ఊళ్ళో అన్నయ్య తప్ప ఎవరికీ తెలియని ముచ్చట అది.

"ఫిలో, ఇది నీ నోట్లోంచి జారిందా, నాలుక కత్తిరించి అక్కడ గుండీ కుట్టేస్తా" అంది, అంత జ్వరంలోనూ.

ఇలా ఉండగా తిరేసా వచ్చింది. ఆక్లండ్‌లో బట్టల డిజైను చదువుకుని, ఆపియాలో అద్దాల కిటికీలతో బట్టల షాపు పెట్టింది. నవ్వితే ముద్దొచ్చే పిల్ల. నాకు అలాంటివాళ్ళంటే మొదట్నుంచీ గుబులే. ఒక పెళ్ళిలో అందరూ తింటుండగా సరాసరి వదిన ముందుకొచ్చి నిలబడింది.

"అబ్బ, అక్కా! ఎంత బావుందండీ మీ పులెతాసి!" అంది, పక్కన పాస్టరమ్మగారు వినేలా.

వదిన ఆ పిల్ల చేతుల వైపు చూసింది. "పాతదమ్మా" అంది.

"పాతదైతేనేం, ఇలాంటి మెడ నేనెక్కడా చూళ్ళేదు. ఎంత బావుందో!"

రెండుసార్లు అనేసింది. ఇంక తప్పుతుందా? మర్నాడు వదిన దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, కొబ్బరిపాలలో ముంచిన బన్నులతో సహా నా చేతికిచ్చింది. బుట్ట పట్టుకుని ఆపియా వెళ్ళి ఇచ్చొచ్చాను. తిరేసా నన్ను కౌగిలించుకుంది. బన్నులకేసి కన్నెత్తి చూడలేదు, చొక్కాని మాత్రం అక్కడికక్కడే తిరగేసి లోపలి కుట్టు చూసింది.

కొన్నాళ్ళకి బస్సులో వస్తున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది, ఎవరో ఆడపిల్ల నా ఒళ్ళో కూర్చుంది. మాకది మామూలే. ఆ పిల్ల మెడ నా ముక్కుకి ఎదురుగా ఉంది. కుడి నుంచి ఎడమకి ఏటవాలుగా కోసిన మెడ!

"ఎక్కడిదమ్మాయ్ ఇది?" అన్నాను.

"తిరేసా షాపులోదండీ. ఇప్పుడంతా ఇదే" అని, జారిపోతున్న కుడి భుజం పైకి లాక్కుంది.

వదిన ఇంటికెళ్ళి చెప్పాను. వదిన కోకో కలుపుతూ ఆగిపోయింది. నాకేసి ఒక చూపు చూసింది చూడండి, నా జన్మలో అలాంటి చూపు ఎరగను.

"భుజం సంగతి నువ్వే చెప్పావా దానికి?"

"నేనా? నేను మోసింది గుడ్డని, నీ గుట్టుని కాదు!"

"నన్ను వెక్కిరించడానికి కాకపోతే నా మెడే ఎందుకు కోస్తుంది? నీకు తప్ప ఎవరికి తెలుసు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నోరు కట్టుకుని కూర్చున్నందుకు నాకు దక్కింది ఇదా? వాళ్ళింటి నుంచి ప్రతి ఆదివారం నాకు వచ్చే భోజనం పళ్ళెం ఆ వారం నుంచి ఆగిపోయింది. పాటల జట్టులో పక్కపక్కనే కూర్చుని, ఒకే పాటల పుస్తకంలోకి చూస్తూ, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. నేను తిరేసాని అనుమానించాను, వదిన నన్ను అనుమానించింది. తిరేసా మాత్రం అందర్నీ చూసి నవ్వుతూనే ఉంది.

ఊళ్ళో ఇంకో వేడుక మొదలైంది. "మసెలీనా కూడా ఫ్యాషన్లలోకి దిగిందర్రా! ఈ వయసులో తిరేసా మెడ కావాల్సొచ్చింది" అని బల్ల దగ్గర కోకో కొంటూనే నవ్వేవాళ్ళు. పెళ్ళినాటి నుంచి ఆవిడ అదే వేసుకుంటోందని ఒక్కళ్ళకీ గుర్తులేదు. షాపు అద్దంలో కనబడ్డాకే వాళ్ళ కళ్ళు తెరుచుకున్నాయి మరి. వదిన బదులు చెప్పేది కాదు. ఎలా చెబుతుంది? ఇది నాది అంటే, నీకెందుకు ఇలా కోయాల్సొచ్చింది అని అడుగుతారు. తన మెడని దక్కించుకోవాలంటే భుజాన్ని బయటపెట్టాలి. భుజాన్ని దాచుకుంటే ఊరికి నకలు మనిషిగా మిగలాలి. పళ్ళెం రాకపోయినా ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ఏడుపొచ్చేది.

అంతలో చర్చి కొత్త హాలు ప్రారంభం వచ్చింది. ఈసారి కోత కూడా ఒకటే, ఆ ఏటవాలు మెడే ఉండాలి, అందరికీ తిరేసాయే కుడుతుందని పాస్టరమ్మగారు తేల్చేశారు. అందరం కొలతలిచ్చాం. వదిన మాత్రం తన గుడ్డ ముక్క మడిచి చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఆ రోజు మా పాట నవ్వులపాలైంది. ఎడమ భుజం దగ్గర బిగింపు, కుడివైపు జారుడు. ఎత్తుగా పాడే చోట అందరి చేతులూ మెడల మీదికే వెళ్ళాయి. నేనైతే రెండో చరణం మొత్తం ఒక చేత్తో చొక్కా పట్టుకునే పాడాను. ఒక్క వదిన మీద మాత్రం ఆ మెడ కదలకుండా, ఒంటితో పుట్టినట్టు కూర్చుంది.

భోజనాల దగ్గర పాస్టరమ్మగారు అది గమనించనే గమనించారు.

"తిరేసా, మసెలీనాకి మాత్రం ఎంత బాగా కుదిరిందమ్మా! దానిది ప్రత్యేకంగా కుట్టినట్టున్నావు."

తిరేసా వదినకేసి చూసింది. అది తను కుట్టింది కాదని దానికి తెలుసు. ఒక్క క్షణం తడబడింది. ఆ తర్వాత అదే ముద్దొచ్చే నవ్వు నవ్వి, "అంతా మీ దయ అమ్మగారూ" అంది.

వదిన చేతిలోని చేమదుంప ముక్కని ఆకులో పెట్టేసింది. చెయ్యి కడుక్కుంది. "తిరేసా, ఇలా రా" అంది.

ఆ పిల్ల వచ్చింది.

"నా రెండు భుజాల మీదా చేతులు పెట్టు."

"ఎందుకక్కా?"

"చెయ్యి చాపడం నీకు కొత్తా? పెట్టు."

తిరేసా పెట్టింది. మెల్లగా దాని మొహంలో నవ్వు పోయింది. మా అన్నయ్య తర్వాత ఆ భుజాన్ని తెలిసి ముట్టుకున్న మనిషి నేనొక్కదాన్నే.

"ఏం తగిలిందో చెప్పు."

"ఎడమది... కిందికుంది."

"గట్టిగా. వెనకాల వాళ్ళకి వినబడట్లేదు."

"ఎడమ భుజం కిందికుందండీ."

వదిన మా అందరికేసి తిరిగింది. "చిన్నప్పుడు సీమపనస చెట్టు మీంచి పడ్డాను. ఆ వంకర కనబడకూడదని ఈ మెడ కోసుకున్నాను. మరి మీరంతా ఏ చెట్టు మీంచి పడ్డారే?"

పాస్టరమ్మగారు తన కుడి భుజం పైకి లాక్కోబోయి, చెయ్యి మధ్యలోనే ఆపేశారు. తిరేసా తల దించుకుని, "నాకు తెలీదక్కా. కొత్త రకం కోత అనుకున్నా" అంది. అంటే దానికెవరూ చెప్పలేదు. వదిన నాకేసి చూసింది. ఆ సాయంత్రం మా ఇంటికి పళ్ళెం వచ్చింది, మామూలుకంటే నిండుగా. నేను నిజంగా కోపం పోయేదాకా ఆగి, అంటే పళ్ళెం ఖాళీ అయ్యాక, ఆవిడ దగ్గరికెళ్ళి కూర్చున్నాను.

మరుసటి ఆదివారం అందరం తెల్లబట్టల్లో చర్చికి వెళ్ళాం. ఊరి మెడలన్నీ మళ్ళీ తిన్నగా వచ్చాయి. చిత్రం, వదినదీ తిన్నగానే ఉంది. జీవితంలో మొదటిసారి మామూలు గుండ్రటి మెడ కుట్టుకుంది. ఎడమ భుజం వంకర ఊరందరికీ కనబడేలా దిగి ఉంది. ఇంక దాచేదేం లేదన్నట్టు ఆ భుజానికే సంచి తగిలించుకుని మెట్లెక్కుతోంది. నిజం చెబుతున్నా, అంత అందంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. పైకి అనలేదు, మర్యాద తెలిసినదాన్ని.

మెట్ల మీద తిరేసా నిలబడి ఉంది. ఆ భుజం వైపే చూస్తోంది. చూసి చూసి నోరు తెరిచింది.

వదిన ఆగింది. ముందు దాని చేతులకేసి చూసింది.

"అనాలనుంటే అనమ్మా. రేపే ఉతికి, ఇస్త్రీ చేసి ఫిలోతో పంపిస్తా. భుజం మాత్రం పంపను."

తిరేసా నోరు మూసుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.