మా అబ్బాయికి మాటలొచ్చింది ఎప్పుడంటే

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోశాను. చిన్నదే, ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు మొత్తం చెప్పగలుగుతున్నాను.

మాది తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు. మనవరాలికి మూడేళ్లు దాటినా మాటలు రాలేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశాను. లాభం లేకపోయింది. కావలసింది చెప్పలేక పిల్ల నేల మీద పడి తల బాదుకునేది, దగ్గరికెళితే కరిచేది. ఒకరోజు మా కోడలు అంది:

“అత్తయ్యగారూ, పాపని ఏలూరు తీసుకెళ్లి చూపిద్దామండీ. అక్కడ మాటలు నేర్పేవాళ్లున్నారంట.”

“ఎందుకమ్మా కంగారు? మీ ఆయనా నాలుగేళ్లు నిండాకే నోరు విప్పాడు.”

అబద్ధం. వాడు ఏడాది తిరగకుండానే కొట్టుకి వచ్చిన వాళ్లందర్నీ పలకరించేవాడు. అది తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. ఇంటి పెద్ద చెబితే ఎవరు కాదంటారు? ఎందుకన్నాను? పిల్ల మీద ప్రేమా? కాదు. వాళ్లింట్లో మూగపిల్లట అని బజారంతా అనుకుంటుందన్న భయం. నా మాట నమ్మి కోడలు ఏడాది ఆగింది. ఆ ఏడాదంతా పిల్లది మొండితనమనీ, తల్లిది గారాబమనీ సాధించాను తప్ప, మాటలు లేని పసిది తన బాధని ఇంకెలా బయటపెట్టుకుంటుందని ఒక్కసారైనా ఆలోచించలేదు.

చివరికి పిల్ల తన చేతినే రక్తం వచ్చేలా కొరుక్కుంది. ఈసారి కోడలు నన్నడగలేదు. పిల్లనెత్తుకుని ఏలూరు బస్సెక్కింది. అడగనందుకు ఆమెకి రోజూ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. అక్కడ బొమ్మలు చూపించి, సైగలు నేర్పి, మెల్లగా మాటల్లోకి దింపారు. వాళ్లు చల్లగా ఉండాలి. మొన్న మనవరాలు నా మీద అలిగి, “నాయనమ్మా, నాకు కోపమొచ్చింది, కాసేపు నా దగ్గరికి రావద్దు” అంది. పొమ్మంటే అంత సంతోషించిన నాయనమ్మ ఇంకెక్కడా ఉండదు.

నిన్న భీమడోలు నుంచి ఒకావిడ మా కొట్టుకి వచ్చింది. చంకలో కూతురు అరుస్తూ గింజుకుంటోంది. ఇంకా మాటలు రాలేదట. మా అబ్బాయి జాకెట్టు గుడ్డ కొలుస్తూ, “నాకూ నాలుగేళ్ల దాకా రాలేదండీ, కంగారు పడకండి” అన్నాడు. పాపం, వాడికి తెలిసింది అదే మరి.

“లేదమ్మా, వీడు ఏడాదికే మాట్లాడాడు. నేనే అబద్ధం చెప్పాను. నువ్వు ఆగకు” అన్నాను.

కోడలు మడత పెడుతున్న చీర వదిలేసి నా వంక చూసింది. క్షమించమని అడిగే ధైర్యం నాకింకా రాలేదు. కానీ ఆ భీమడోలు తల్లికి పిల్లని ఏలూరులో ఎక్కడ చూపించాలో చెప్పి పంపింది మా కోడలే.

ఆ పిల్లకి ఏడాది పోదు.