నేను లెక్కపెట్టిన చేతులు

ఫిబ్రవరి పదహారు, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. ఇరవై తొమ్మిదేళ్ల కిందటి మాట. ఆ నిమిషాన నేను రెండు అంకెలు తారుమారు చేసి చెప్పాను. అప్పటి నుంచి ఆ బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే పోదామనుకున్నాను. మొన్న ఆదివారం జరిగినదాని తరవాత అలా పోవడం కుదరదని తెలిసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పేరు వద్దు. వయసు డెబ్బై నాలుగు. చోడవరంలో మా ఎర్రజెండా పార్టీ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు మినిట్స్ పుస్తకం రాశాను. మీటింగుకి ఎందరు వచ్చారు, ఎన్ని గంటలకు మొదలైంది, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారు, అన్నీ రాసేదాన్ని. దానివల్ల నన్ను ఇష్టపడనివాళ్లు ఉన్నారు. నమ్మనివాళ్లు లేరు.

మొన్న ఆదివారం మా కార్యదర్శి సూరిబాబు గారు పదవి వదిలేశారు. ఇరవై తొమ్మిదేళ్లు ఆయనే కార్యదర్శి. చెరకు కోతల తగాదా అయినా, పోలీస్ స్టేషన్ గొడవ అయినా, పింఛను ఆగినా ఆయన గుమ్మమే. ఆయన లేని పార్టీని మా వాళ్లు ఎన్నడూ ఊహించుకోలేదు. ముందుగా ఎవరికీ చెప్పలేదాయన. పదకొండుంపావుకి మైకు దగ్గర నిలబడి, "నాకింక సెలవివ్వండి" అన్నారు. వెనక నుంచి ఒకామె, "ఓలమ్మో, మమ్మల్నొగ్గీసి ఎక్కడికెల్తావు బాబూ!" అని ఏడ్చింది. "ఊరుకోయే, ఆయనేమైనా సచ్చిపోతన్నాడేటి?" అని పక్కామె కసిరి, తనూ ఏడ్చింది.

నేనూ నిర్ఘాంతపోయాను. కానీ అసలు దెబ్బ ఆ తరవాతి మాటలతో తగిలింది. అది చెప్పాలంటే ముందు ఆ ఫిబ్రవరి పదహారు చెప్పాలి.

మా మహాసభల్లో పోటీ ఉండదు. పేరు ముందే ఖాయమై వస్తుంది, అందరూ చేతులెత్తుతారు, నేను "ఏకగ్రీవం" అని రాస్తాను. ఆ ఒక్కసారి రెండు పేర్లు వచ్చాయి. ఒకటి సూరిబాబు గారిది. రెండోది నూకరత్నానిది. నూకరత్నం వడ్డాది వైపు మనిషి. చెరకు కోత కూలి. వేలిముద్రే తప్ప సంతకం రాదు. కోత జట్టుల్లో మొగుడి పేరు ఒక్కటే రాసి, పెళ్లాం పనిని కూడా దాని కిందే తోసేసేవారు. ఆడవాళ్ల పేర్లు విడిగా రాయాలని రెండేళ్లుగా ఊరూరా తిరిగి పోట్లాడుతున్నది ఆవిడ. కార్యదర్శి అయితే మొదటి తీర్మానం అదే పెడతానంది.

ఆ రోజు ప్రతినిధులు నలభై ఒక్కమంది. మగవాళ్లు ముందు కుర్చీల్లో, ఆడవాళ్లు వెనక గోడ వార చాపల మీద. లెక్కపెట్టే పని నాకిచ్చారు. సూరిబాబు గారికి, నాదీ కలిపి, ఇరవై చేతులు. నూకరత్నానికి ఇరవై ఒకటి. వాటిలో సగం పాత గుడ్డపీలికలు చుట్టిన చేతులు. చెరకు ఆకు కోసేస్తుందని కట్టుకున్నవి, పొలం నుంచి తిన్నగా వచ్చి విప్పడం మరిచినవి. రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ ఇరవై ఒకటే.

వేదిక దగ్గరికి పదకొండు అడుగులు నడిచి, "సూరిబాబు ఇరవై ఒకటి, నూకరత్నం ఇరవై" అన్నాను.

మొత్తం నలభై ఒకటి. సరిపోయింది. మొత్తం సరిపోయాక విడి అంకెలు ఎవరు అడుగుతారు?

ఎందుకు చేశాను? ఎవరూ చెయ్యమనలేదు. సూరిబాబు గారు కంటిసైగతో కూడా నన్నేమీ కోరలేదు. చదువు రాని మనిషి జిల్లా నుంచి వచ్చే సర్క్యులర్లు ఎలా చదువుతుంది, ఆఫీసర్ల ముందు ఎలా మాట్లాడుతుంది, పార్టీ నవ్వులపాలు కాదా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం. కానీ ఆ పదకొండు అడుగుల్లో నా మనసులో ఉన్నది సర్క్యులర్లు కాదు. ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే, నేను కింద కూర్చుని రాయడం. వేలిముద్ర మనిషి చెబితే పదో తరగతి ప్యాసైన నేను రాయడం. అది కళ్ల ముందు కనబడింది. సహించలేకపోయాను. సమానత్వం మీద పాఠాలు రాసుకున్న చేతులే ఇవి.

తరవాత జరిగింది మా పార్టీ పద్ధతి. ఓట్లు పడ్డాక, ఐక్యత కోసం, ఓడినవాళ్లే లేచి నెగ్గినవారి ఎన్నికను ఏకగ్రీవం చెయ్యమని ప్రతిపాదించాలి. నూకరత్నం లేచింది. ప్రతిపాదించింది. నలభై ఒక్క చేతులూ లేచాయి, ఆవిడదీ, నాదీ. మినిట్స్‌లో "ఏకగ్రీవం" అని రాశాను. అంకెలు రాయనక్కర్లేదు. చూశారా, పుస్తకంలో నేను అబద్ధం రాయలేదు. ఇన్నాళ్లూ దాన్ని పట్టుకుని వేలాడాను. నోటితో చెప్పిన అబద్ధం, పుస్తకంలో లేదు కనుక, లేనట్టేనా?

సాయంత్రం నీళ్ల కుళాయి దగ్గర నూకరత్నం నన్ను ఆపింది. కోపం లేదు. నవ్వు మొహమే.

"కామ్రేడొదినా, ఓపాలి సెప్పు. నాకెందరెత్తేరు?"

"ఇరవై."

"నాను ఎనక కూకున్నాను గదా. నాకు ఇరవయ్యొకటి కనబడ్డాయే."

"నీ సెయ్యి నువ్వే రెండుసార్లు లెక్కెట్టుకున్నావేమో."

ఆవిడ కాసేపు నా మొహం చూసింది. తరవాత పెద్దగా నవ్వింది. "అంతే కావాల. మోపులు లెక్కెట్టుకున్న బుర్ర నాది, మనుసుల్ని లెక్కెట్టడం నాకేటొచ్చు? నీ లెక్కే లెక్కొదినా."

రోజంతా చెరకు మోపులు లెక్కపెట్టి ఒక్కటి తప్పని మనిషిని, తన లెక్క మీద తనకే నమ్మకం లేకుండా చేసి పంపించాను. ఎన్నిక కంటే అదే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ ఏడాదిలోనే ఆవిడ రావడం మానేసింది. ఆవిడతో వచ్చే ఆడవాళ్లూ మానేశారు. తరవాత విశాఖపట్నం వెళ్లి ఇళ్ల కట్టుబడిలో ఇటుకలు మోసిందట. ఆరేళ్ల కిందట పోయింది. కబురు తెలిసి వెళ్లాను. మొహం చూశాను. అప్పుడూ చెప్పలేదు, చెవులు వినని మనిషికి కూడా.

ఇక మొన్న ఆదివారం.

సూరిబాబు గారు సెలవు అడిగాక కూర్చోలేదు. మైకు పట్టుకుని అన్నారు: "ఇంకొక్కటి సెప్పి దిగిపోతాను. నాను మొదటిసారి నెగ్గలేదు. వేదిక మీద కూకుని నానూ లెక్కెట్టేను. నూకరత్నం నెగ్గింది. నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లు ఆవిడ కుర్చీలో కూకున్నాను."

ఆయనకి తెలుసు! ప్రతి మీటింగులో పుస్తకం నా చేతికిచ్చి "మీరు రాస్తే ఇంక సూడక్కర్లేదు" అనే మనిషి. అది నమ్మకం అనుకుని ఇరవై తొమ్మిదేళ్లు పొంగిపోయాను. ఏ అర్థంతో అనేవారు? నన్ను క్షమించారా, వాడుకున్నారా, భయపడ్డారా? అడిగే హక్కు నాకు ఉందా?

హాల్లో ఒక్కసారిగా గగ్గోలు. ముందు వరసలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. "సూసేరా మంచితనం! ఎల్లిపోతా కూడా గొప్పంతా సచ్చిపోయిందానికి ఇచ్చీసేడు!" ఇంకొకరు లేచారు. "ఒరే, లెక్కెట్టింది మన మామ్మే గదరా. ఆవిణ్ణే అడగండి." అందరూ నా వైపు తిరిగారు. ఇప్పుడు కొత్త కార్యదర్శిగా అనుకుంటున్న కుర్రాడు మైకు నా దగ్గరికి తెచ్చాడు.

"ఏటి మామ్మా, నిజమేనా?"

అవును అనడానికి ఒక్క మాట చాలు. నేను ఏమన్నానో చెబుతాను, వినండి.

"ఆయనకి ఈ మధ్య మతిమరుపు వస్తంది నాయనా. పాపం, ఏవేవో కలిపీసుకుంటన్నారు."

అందరూ అయ్యో అన్నారు. ఇద్దరు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో మంచినీళ్లు తెచ్చారు. ఆయన నా వైపు చూశారు. గ్లాసు అందుకున్నారు.

ఇప్పుడు ఊరంతా అదే మాట. మతి పోయింది కనుకే దిగిపోయాడట. ఆయన ఏం చెప్పినా పిల్లాడి మాట విన్నట్టు వింటున్నారు. గోవాడ నుంచి చూడవచ్చినవాళ్లు ఆయన్ని, "నానెవర్నో సెప్పు సూద్దాం" అని పరీక్ష పెట్టారని విన్నాను. ఆ మనిషి బుర్ర నాకంటే శుభ్రంగా ఉంది. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నలభై ఐదేళ్ల వయసులో చేసింది అహంకారం అనుకుందాం. డెబ్బై నాలుగులో చేసింది ఏమిటి? పరువా? ఎవరి దగ్గర పరువు? ఇంకెన్నాళ్లకి?

ఇందుకే రాస్తున్నాను. నాలుగు ప్రతులు రాశాను. ఒకటి పార్టీ ఆఫీసుకి, ఒకటి సూరిబాబు గారికి, ఒకటి నూకరత్నం కూతురికి, ఒకటి మీకు. మిగతా మూడింటి మీద నా సంతకం ఉంది. క్షమించమని దేంట్లోనూ రాయలేదు. ఆ అంకెలు సరిగ్గా రాసినప్పుడు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. అలా ఆడినందుకు సిగ్గేసింది. అయినా ఆడింది.

పోయినవి ఇవి.

నూకరత్నానికి: గెలిచిన పదవి ఒకటి. తన లెక్క మీద తన నమ్మకం.

పార్టీకి: ఆ ఏడాది తిరిగిరాని ఆడవాళ్లు, పద్నాలుగు మంది.

కోత జట్టులకి: విడిగా రాయించుకోవలసిన ఆడవాళ్ల పేర్లు. నాకు గుర్తున్నవి డెబ్బై మూడు. ఆ తీర్మానం ఒక్కసారి కూడా చర్చకు రాలేదు.

సూరిబాబు గారికి: ఇరవై తొమ్మిదేళ్లకి కూడదీసుకుని చెప్పిన నిజం ఒకటి.

నాకు: ఏమీ పోలేదు. రెండుసార్లు లెక్క చూశాను.