లెక్కలో చెప్పని పిల్ల

ఆమె అంటే నాకు కడుపుమంట. ఇన్నేళ్లయినా ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

తొంభైల మొదట్లో సిద్దిపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద ఒక సర్వే జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రొఫెసరు సారు మా ఇద్దరినీ పనిలో పెట్టుకున్నాడు. నాకు అచ్చేసిన ఫారాలిచ్చాడు, ఆమెకు ఉత్త నోట్‌బుక్కు ఇచ్చాడు. నేను ప్రశ్నలడిగి గడులు నింపాలి. ఆమె వాళ్ల మధ్య కూర్చుని చూసిందీ విన్నదీ రాయాలి. మూడు నెలలయ్యాక ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటామని సారు ముందే చెప్పాడు. మాది కొండపాక దగ్గర వ్యవసాయపు ఇల్లు. "నౌకరి నిలవడ్తే ఉండు, లేకుంటే ఇంటికి రా," అని బాపు తేల్చేశాడు. ఎమ్మే చదివి మళ్లీ వెళ్లి పత్తి ఏరడం నా వల్ల కాదు.

ఆమెది సిద్దిపేటే. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. ఆ పిలుపు కూడా నాకు పడేది కాదు. నేను ఎండలో పది ఇళ్లు తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా మొదటి వాకిట్లోనే చాట ముందేసుకుని తునికాకు కత్తిరిస్తూ ఉండేది. సాయంత్రం సారు నా ఫారాలు లెక్కపెట్టి పక్కన పెట్టేవాడు. ఆమె నోట్‌బుక్కు మాత్రం చాయ్ చల్లారిపోయినా వదిలేవాడు కాదు. నా కళ్లల్లో కారం కొట్టినట్టుండేది.

ఒకరోజు ఒకే ఇంటి గురించి మేమిద్దరం రాసింది సారు పక్కపక్కన పెట్టాడు. నా ఫారంలో ముగ్గురు పిల్లలు. ఆమె నోట్‌బుక్కులో నలుగురు.

దొరికింది దొంగ అనుకున్నాను. "ఆమె కతలు అల్లుతున్నది సార్. ఆ తల్లి నోటితోనే ముగ్గురని చెప్పింది," అన్నాను.

సారు ఫారం తిప్పి చూశాడు. "నువ్వు అడిగింది సంఖ్య. వాళ్లు ఇచ్చింది జవాబు. ఈ రెండూ ఒకటేనని నీకు ఎవరు చెప్పిన్రమ్మా?" అన్నాడు. మర్నాడు ముగ్గురం ఆ ఇంటికి వెళ్లాం.

ఆ తల్లి బీడీ చుట్టడం ఆపకుండానే చెప్పింది. "పిల్లలను పూరాగ లెక్కవెట్టి చెప్తే దిష్టి తాకుతది సారు. చిన్నదాన్ని ఇడిసిపెట్టే చెప్తం."

"మరి ఆమెకెట్ల చెప్పినవ్?" అని నేనే మీద పడ్డాను.

"నేను చెప్పలే బిడ్డా. ఆమె గీడ కూసుంటే చిన్నదే పోయి ఒళ్లె కూసున్నది."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. నా తోడికోడలు నవ్వనైనా లేదు. తల వంచుకుని ఆకు సర్దుతోంది. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి నాకొక సాకు దొరికేది.

బయటికొచ్చాక సారు గోడ నీడన ఆగాడు. "ఇది ఈ ఒక్క ఇంటి సంగతైతే ఫారం దిద్దుకుంటే సరిపోతది. ఊళ్లల్ల గూడ ఉన్న అలవాటైతే మన ఫారాలన్నీ పక్కకు పెట్టి మళ్లా తిరగాలె. అప్పుడు ఇద్దరినీ ఇంకో ఆర్నెల్లు ఉంచమని నేనే అడుగుత. మీకేమన్న ఎరుకనా?"

"మా ఇంట్ల గిట్ల అనంగ నేను వినలే సార్," అందామె. "అక్కది పల్లె. అక్కకు తెలుస్తది." నోట్‌బుక్కు తెరిచి నావైపు చూసింది.

నాకు తెలుసు. మా ఇంట్లో పిల్లలం ముగ్గురం. ఎవరడిగినా మమ్మల్ని కన్న అవ్వ ఇద్దరనే చెప్పేది. ఆ చెప్పని మూడోదాన్ని నేనే. ఫారం చేతికొచ్చాక ఆ సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. "మా ఇంట్ల గూడ గింతే సార్" అంటే చాలు, ఇద్దరికీ పని ఉండేది. కానీ ఆ మాట ఆమె నోట్‌బుక్కులోకి ఎక్కుతుంది. సాయంత్రం సారు అది చదివి ఆమెనే మెచ్చుకుంటాడు. పైగా నాకు దక్కే ఆర్నెల్లు ఆమె పెట్టిన భిక్షవుతుంది.

"తెల్వదు సార్. మా దిక్కు గసొంటిదేం లేదు," అన్నాను.

ఆమె రాసుకుంది. సారు జేబులోంచి పెన్ను తీసి నా ఫారంలో మూడు కొట్టేసి నాలుగు వేశాడు. మూడో నెలాఖరుకు ఆమెను ఉంచుకున్నారు. నేను కొండపాక బస్సెక్కాను.

ఆ నోట్‌బుక్కుతోనే ఆమె డాక్టరేటు చేసిందని చాలా ఏళ్లకు విన్నాను. ఆ రోజు కూడా అన్నం సయించలేదు. ఆమె రాసినవన్నీ నిజాలేనని అందరూ అంటారు. మా ఊరి గురించి అందులో ఒక అబద్ధం ఉంది. అక్క చెప్పింది కదా అని నమ్మి రాసుకుంది.