ఇసుక ఎక్కే ఓడ

బస్సులో ముక్కూ మొహం తెలియని మనిషిని నా అంతట నేనే ఒక ప్రశ్న అడిగానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చిన చుట్టాలతోనే మాట పెగలని దాన్ని.

రెండువేల ఐదు ప్రాంతం. ఆకివీడు నుంచి ఏలూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. నేవీలో పనిచేసే కొడుకును రైలెక్కించడానికి వెళుతోంది. అతను పక్కనే నిలబడ్డాడు.

"మావాడి ఉద్యోగం విన్నావా అమ్మాయ్? ఓడని తీసుకెళ్లి ఇసకలోకి ఎక్కించడమంట! మా కొల్లేట్లో దోనెని బురదలోకి ఎక్కిస్తే చేతగానోడంటారు. ఊరంతా నవ్వుతున్నారు."

ఆమె కూడా నవ్వింది గాని, గొంతులో నామోషీ తెలుస్తూనే ఉంది.

"ఒడ్డెక్కితేనే కదమ్మా ఓడ ముందువైపు తలుపు తెరిచేది! సైనికులూ ట్యాంకులూ నేరుగా నేలమీదికి దిగాలి," అన్నాడతను, ఎన్నోసారో చెబుతున్నట్టు.

నేను ఉండబట్టలేక అడిగేశాను.

"మరి ఓడ మళ్లీ నీళ్లలోకి ఎలా వస్తుందండీ?"

అతను చప్పున నావైపు తిరిగాడు. "అదే నా పనండీ! ఒడ్డు ఇంకా దూరం ఉండగానే వెనక లంగరు వదులుతాం. అందరూ దిగాక దాని ఇనపతాడు చుట్టుకుంటూ ఓడని వెనక్కి లాగుతాం. ఆ లంగరు దగ్గర ఉండేది నేనే."

పెద్దావిడ కొడుకును తేరిపార చూసింది. తర్వాత ముందు సీటాయన భుజం తట్టి అదంతా తనే చెప్పింది. కండక్టరుకూ చెప్పింది.

"మన బస్సుకీ అలాంటిదొకటి కావాలండీ, వానాకాలం దిగబడిపోతోంది," అన్నాడు కండక్టరు.

ఏలూరులో దిగాక ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇంకోటేదన్నా అడుగమ్మా వాణ్ణి. రైలుకి ఇంకా టైముంది."