అమ్మ వంతు వచ్చిన ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం నిద్రంటే ఏమిటో కొన్నేళ్లపాటు నాకు తెలియదు. జొహర్ నమాజు కాగానే అమ్మ బుర్ఖా వేసుకుని తయారు. "లే లే, ఆపా షురూ చేస్తది" అని ఒకటే తరమడం. ఎల్బీనగర్ చౌరస్తా ఒక్కతే దాటాలంటే ఆమెకు భయం. వారమంతా బడిపిల్లల మీద అరిచి గొంతు పోగొట్టుకున్న నేనే తోడు వెళ్లాలి. షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ దాకా గొణుగుతూనే ఉండేదాన్ని.

మాకు దీని పాఠాలు, మతం సంగతులు చెప్పే పెద్దావిడను అందరం ఆపా, అక్క అని పిలిచేవాళ్లం. ఆమె ఇల్లు గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ వెనక సందులో. ముందుగదిలో చాపలు పరిస్తే ఆడవాళ్లం ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా కూర్చునేవాళ్లం. అందరం నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లమే, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మసీదు మైకులో వినిపించే బయాను, ఆ ఉర్దూ ప్రసంగం, మాకు సగం కూడా ఎక్కదు. ఆపా మాత్రం ఖురాన్‌లోని ఆయత్ చదివి, దాని మతలబు మా మాటల్లో చెప్పేది. చిన్నప్పటి నుంచి నమాజులో తను చదివేదానికి అర్థమేమిటో అమ్మ యాభై దాటాక ఆ చాప మీదే తెలుసుకుంది. ఆ రోజు ఆటోలో ఒకటే ఏడుపు. "గిన్నేండ్లు అల్లాతోని ఏం మాట్లాడుతున్ననో నాకే ఎర్కలేకపాయె" అంది. నాయన పోయినప్పుడు పట్టుబట్టి ఆమె చేత ముద్ద తినిపించింది కూడా ఆ ఆడవాళ్లే.

ఆపా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొత్త సబఖ్, అంటే పాఠం, మొదలుపెట్టే ముందు పోయిన వారం సబఖ్ మాలో ఎవరో ఒకరు సొంత మాటల్లో చెప్పాలి. వంతులవారీగా. అది కానిదే ఆమె ముందుకు కదలదు. తన వంతు రాగానే అమ్మకు దగ్గు తెర మొదలయ్యేది. వంటింట్లోకి నీళ్లకని వెళ్లి, పక్కామె చెప్పడం అయ్యాక తిరిగొచ్చేది. ఆపా నాతో, "మీ అమ్మ దగ్గు గూడ వంతు జూసే ఒస్తది బిడ్డా" అనేది. అందరూ పకపకా నవ్వేవాళ్లు, అమ్మతో సహా.

మొన్న చలికాలంలో ఆపాకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడిచెయ్యి పోయింది, మాటా పోయింది. మేము మానలేదు. ముందుగదిలోనే మంచం వేశారు, మంచం చుట్టూ చాపలు వేసుకున్నాం. "సబఖ్ ఆగితే మనం మళ్ల ఎనకటి లెక్కనే అయితం" అన్నారు అందరూ. చెప్పే మనిషి లేదు కాబట్టి పాత సబఖ్‌లే ఒకరి తర్వాత ఒకరు చెప్పుకునేవాళ్లం. చివరిసారి ఆపా ఏం చెప్పిందని నేనొకసారి అడిగాను. ఆమె ఆ చివరి సబఖ్ చెప్పిన వారం నాదర్‌గుల్‌లో ఎవరిదో పెళ్లుండి సగంమంది రాలేదు, నేను గుమ్మం దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆ రోజు విన్నవాళ్లు మాత్రం "యాదిలేదు" అని తలలు దించుకున్నారు. అమ్మకు దగ్గొచ్చింది.

ఎవరూ సాయంత్రం అసర్ నమాజు వేళ దాకా లేచేవాళ్లు కాదు. ఒకామె కాళ్లు పిసికేది, ఒకామె పక్షవాతానికి కేరళ నూనె సంగతి ఎత్తేది, మరొకామె ఆపా మొహం చూసి వెక్కిళ్లు పెట్టేది. ఆపా కోడలు అందరికీ చాయ్ పెట్టి పెట్టి అలిసిపోయేది. ఆపా కళ్లు మూసుకుంటే, "నిద్ర గాదు, ఇంటుంది" అని మాకు మేమే చెప్పుకునేవాళ్లం.

ఆ ఆదివారం కోడలు చేతిలో ఉతికిన దుప్పటి పట్టుకుని తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. మంచం మీది దుప్పటి తడిసింది. ఇంతమందిలో ఎలా మార్చాలి, ఎవరిని లేవమనాలి? ఆపా గోడవైపు తిరిగి ఉంది, కంటినీరు చెవిలోకి కారుతోంది. నాకు కనబడింది. ఏం చెయ్యాలో తోచక నేను ఫోన్ చూస్తూ కూర్చున్నాను.

అమ్మ లేచి నిలబడింది.

"గియ్యాల నా వంతు" అంది. దగ్గలేదు. "బీమారున్నోళ్ల ఇంటికి పోతే జర సేపే కూసోవాలె. ముచ్చట్లు పెట్టొద్దు. ఆళ్లు అలిసిపోకముందే లేవాలె. లేసేటప్పుడు, మా కోసం దువా చెయ్యుండ్రి అని ఆళ్లనే అడగాలె. గిదే ఆపా చెప్పిన ఆఖరి సబఖ్. మాకు యాదికే ఉండె. చెప్తే లేసిపోవాల్సొస్తదని ఎవ్వలం చెప్పలే."

ఆమె చెయ్యి పట్టి కూర్చోబెడదామనుకున్నాను. కానీ అప్పటికే చెప్పేసింది. పాతికమంది ఆడవాళ్లు తలలెత్తి అమ్మనే చూస్తున్నారు.

అమ్మ మంచం మీదికి వంగింది. "ఆపా, మా కోసం దువా చెయ్యుండ్రి."

ఆపా ఎడమచెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. అరచేయి తెరుచుకుంది. నోరు కదిలింది, మాట రాలేదు. మేమంతా ఆ చేతికే ఆమీన్ అన్నాం. చాయ్ కోసం ఎవరూ ఆగలేదు.

ఆ రోజుతో ఆపా ఇంట్లో మా ఆదివారాలు ఆగిపోయాయి. తర్వాత అమ్మను చైతన్యపురిలో సబఖ్ చెప్పే ఇంకో చోటికి తీసుకెళ్లాను. అక్కడ అంతా ఉర్దూ. "మంచిగనే చెప్తున్నట్టుంది" అంది బయటికొచ్చాక, అంతే. ఫోన్‌లో తెలుగు ప్రసంగాలు పెట్టిచ్చాను. కాసేపు విని తిరిగిచ్చేసింది. "గీ ఫోన్ నా వంతు అడుగుతదా?" అంది.

నిన్న మళ్లీ ఆదివారం. జొహర్ కాగానే అలవాటుగా బుర్ఖా వేసుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో కూర్చుంది.

"పోదాం పా అమ్మా. ఊరికే జూసి, జల్దిన ఒచ్చేద్దాం" అన్నాను.

"ఆడ కూసున్నంక నేను లేస్తనా? లేవాలని చెప్పినదాన్ని నేనేనాయె."

బుర్ఖా విప్పి మడత పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఎప్పటికి ఒచ్చే దగ్గు గా దినం రాకపాయెనే బిడ్డా" అంది.