అట్టపెట్టెలు తీసేసి పంపిన మందు

ముప్పై నాలుగో ఏట నాకు మొటిమలు మొదలయ్యాయి. కాలేజీ రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. అప్పుడు రానివన్నీ ఇప్పుడు కూడబలుక్కుని దవడ పొడవునా, గడ్డం కిందా దిగాయి. ముట్టుకుంటే సలిపే గడ్డలు. తగ్గినా నల్లమచ్చ వదిలి గానీ వెళ్లేవి కావు. ఆఫీసు వీడియో మీటింగుల్లో కెమెరా ఆపేసి కూర్చునేదాన్ని.

ఆక్లాండ్ శివార్లలో మేముండే హాబ్సన్‌విల్‌లో తెలుగు ఇళ్లు తక్కువేం కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మొటిమలకు సలహా మాత్రం అడక్కుండానే ప్రతి ఆంటీ పెట్టేది. ఒకావిడ "ఒంట్లో వేడమ్మా, మజ్జిగ తాగు" అంది. ఇంకొకావిడ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, "పెళ్లై ఇన్నేళ్లయినా ఇంకా టీనేజేనా!" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పెళ్లై ఎన్నేళ్లయిందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? మూడేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నాం. నాకు నెలసరి ఎప్పుడూ సమయానికి రాదు. ఆలస్యమైన ప్రతిసారీ ఆశపడడం, టెస్టులో ఒక్క గీతే కనిపిస్తే బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడవడం.

ఇక్కడి డాక్టరమ్మ ఒక జెల్ రాసిచ్చి, గుణం కనిపించడానికి మూడు నెలలు పడుతుందంది. మూడు నెలలా! మందుల షాపులో ముఖం చూపిస్తే మాత్ర చేతిలో పెట్టే ఊరి నుంచి వచ్చినదాన్ని నేను. ఆ కోపంలోనే విజయవాడలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. ఆ నెలలోనే తెలిసినవాళ్లెవరో ఆక్లాండ్ వస్తుంటే, వాళ్ల సూట్‌కేసులో కందిపొడి ప్యాకెట్ల మధ్య నాకు మందు బిళ్లలు వచ్చాయి.

"అట్టపెట్టెలన్నీ తీసి పారేశాలేవే, వాళ్లకి చోటు లేదంట. రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకో. షాపాయన మనకి తెలిసినోడే" అంది అక్క.

విదేశాల్లో ఉన్నవాళ్లకు మందు పంపేటప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని అదే. పెట్టెతో పాటు లోపల మడిచి పెట్టిన కాగితం కూడా చెత్తబుట్టలోకి పోతుంది. బరువు తగ్గుతుంది, చోటు కలిసొస్తుంది. మా ఇంట్లో జ్వరం మాత్రల నుంచి కళ్లలో వేసుకునే చుక్కల దాకా అన్నీ అలా దిగంబరంగా వచ్చినవే. ఆ మాత్రల షీట్ల వెనక చీమతలల్లాంటి అక్షరాలను నేనేనాడూ చదవలేదు.

రెండో నెలకు ముఖం నున్నబడింది. పెదవులు మాత్రం నవ్వితే చిట్లి రక్తం వచ్చేవి. ఆ నెల నెలసరి మళ్లీ ఆలస్యమైంది. ఈసారి టెస్టు కిట్ కొనలేదు. ఆ ఒక్క గీత చూడకపోతే ఆశ ఇంకొన్నాళ్లు బతుకుతుంది కదా అని. మా ఆయనకూ చెప్పలేదు. లోలోపల పేర్లు కూడా వెతుక్కుంటున్నాను.

పెదవులు చూపించుకుందామనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఏం మందులు వాడుతున్నారని అడిగితే, షీట్ ఫొటో తీసి పెట్టుకున్న ఫోన్ అందించాను. ఆమె కంప్యూటర్లో ఆ పేరు కొట్టి, కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"మీరు గర్భవతి అయ్యుండే అవకాశం ఏమైనా ఉందా?"

ఆ మాట కోసం మూడేళ్లుగా ఎదురుచూశాను. కానీ ఆమె అడిగిన తీరు శుభవార్త అడిగినట్టు లేదు. ఉండొచ్చన్నాను.

ఈ మందు కడుపులో బిడ్డకు చాలా హాని చేస్తుందని చెప్పింది. మెదడుకు, గుండెకు, ముఖానికి. ఇక్కడైతే గర్భం లేదని తేల్చుకున్నాకే ఇస్తారట, వాడినన్నాళ్లూ రాకుండా జాగ్రత్తపడమంటారట. అక్కడే మూత్రపరీక్ష చేస్తే ఒక్క గీతే వచ్చింది. అయినా ఈమధ్యే నిలిచి ఉంటే ఇందులో తేలకపోవచ్చు, రక్తం ఇవ్వండి, సాయంత్రానికి ఫోన్ చేయిస్తానంది. దవడ మీద మొటిమలు, అదుపు తప్పిన నెలసరి, పిల్లలు కలగకపోవడం, మూడింటికీ హార్మోన్లే మూలమై ఉండొచ్చని, వాటికి పరీక్షలు చేద్దామని కూడా చెప్పింది. మొటిమలు పోతే చాలనుకున్నాను గానీ అవెందుకొచ్చాయో నేనూ అడగలేదు. ఆమె మాటలు సగమే చెవికెక్కాయి. రక్తం తీసే అమ్మాయి నరం దొరక్క రెండుసార్లు గుచ్చింది.

ఆ రోజు మా ఆయన ఇంటి నుంచే పని చేస్తున్నాడు. డేట్ దాటింది అన్నానో లేదో, లేచి నిలబడ్డాడు.

"నిజంగానా? ముందే చెప్పొద్దూ!"

ఆ వెలుగు ఆయన ముఖంలో నేనెన్నడూ చూడలేదు. "ఆగండి, పూర్తిగా వినండి" అని మందు సంగతి మొత్తం చెప్పాను. వింటూ ఆయన మెల్లగా కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కకు ఫోన్ చేశాను. పెట్టె మీద ఏమైనా రాసి ఉందా అని అడిగాను.

"కడుపుతో ఉన్నామె బొమ్మకి అడ్డంగా ఎర్ర గీత ఉందే. నీకు కాదుగా అనుకున్నా. నువ్వు కడుపుతో లేవుగా."

ఆ మాటకు నేను ఫోన్ పెట్టేశాను. సాయంత్రం దాకా ఇద్దరం వంటగదిలోనే కూర్చున్నాం. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్తుంటే భయంతో వెనక్కి తీసుకునేదాన్ని. లోపల ఎవరైనా ఉంటే రోజూ నేనే విషం పెట్టానా? ఉండకూడదు, ఎవరూ ఉండకూడదు అని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. ఆయన పెదవులు కూడా కదులుతున్నాయి. ఏం మొక్కుతున్నాడని అడగలేదు.

ఫోన్ మోగింది. "నెగెటివ్" అంది నర్సు.

మూడేళ్లుగా నన్ను ఏడిపించిన మాట అది. రెండు చేతులెత్తి దండం పెట్టాను. ఆయన హమ్మయ్య అన్నాడు. అన్నాక ఇద్దరం చాలాసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.