స్టీలు డబ్బాలో నీలం చుక్క

మనుషుల్లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే నా ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటుంది. ఇంట్లోంచి కదిలేటప్పుడు లైట్లూ ఫ్యాన్లూ సరే, టీవీ కింద ఎర్రగా వెలిగే బొట్టు కూడా ఆర్పి గాని వెళ్లను. మనవరాలు తన పాత ఫోను నాకిచ్చినప్పుడు కూడా ముందు ఆర్పడమే నేర్చుకున్నాను. వేలితో పైనుంచి కిందికి లాగితే తెర దిగుతుంది. అందులో గుండ్రటి బొమ్మలుంటాయి. వెలుగుతున్నవన్నీ నొక్కేసేదాన్ని. వాడనప్పుడు వెలగడం ఎందుకు?

మనవరాలు పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తుంది. ఒక సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా చెయ్యి చాపింది.

"మామ్మా, నీ ఫోనిలా ఇయ్యి."

"ఏటి, మళ్లీ పట్టుకుపోతావేటి? ఇచ్చింది ఇచ్చిందే."

"నీ పగిలిపోయిన ఫోను నాకెందుకే! దొంగల్నుంచి కాయడానికి."

దాని పక్కన పనిచేసే పిల్ల ఫోను సంతలో ఎవడో కొట్టేశాడట. పోయిన ఫోను ఎక్కడుందో ఇంకో ఫోనులో నీలం చుక్కగా కనిపిస్తుందట. ఆ సంగతి దొంగకీ తెలుసట. అందుకని వాడు ముందు తెర కిందికి లాగి నెట్టు ఆపేస్తాడు, పక్కనున్న మీట నొక్కి ఫోను ఆర్పేస్తాడు. అంతే, చుక్క పోతుంది. ఆ పిల్ల చుక్కా అలాగే పోయిందట.

మనవరాలు నా ఫోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నొక్కింది. నెంబరు కొట్టందే ఇక తెర దిగదంది. నెంబరు కొట్టందే ఆరదంది. నెంబరు తెలిసి ఫోను ఆర్పినా ఆ చుక్క మాత్రం ఆరదు, దానికి వేలు పెట్టాలంది.

నా వేలు పెట్టించింది. ఫోను ఒప్పుకోలేదు. రేషను మిషనూ అంతే, నా వేలిని ఒక్కసారికి తీసుకోదు. ఏళ్ల తరబడి చెరకు ఆకు దూసి, బూడిదతో అంట్లు తోమిన వేళ్లు, గీతలెక్కడ మిగులుతాయి? చివరికి మనవరాలు తన వేలే పెట్టేసుకుంది.

"ఓలె గుంటా, ఫోను నాదీ, వేలు నీదీనా?"

"అదే మంచిది మామ్మా. దొంగోడు బెదిరించి నెంబరు సెప్పించుకున్నా చుక్క ఆరదు."

"నన్ను బెదిరిస్తాడా? ఆడెవడే?"

"ఆడి కర్మ," అని నవ్వుకుంటూ స్నానానికి పోయింది.

నేను మాత్రం ఆ ఫోను చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. అది చెప్పినదాంట్లో సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగం గుండెల్లో పడింది. ఇక మీదట ఆ చుక్కని నేను కూడా ఆర్పలేను.

నాకు ఒక చెల్లెలుంది. కొండకర్లలో ఆవ అనే పెద్ద చెరువు ఒడ్డున వాళ్ల ఇల్లు. మా ఆయన బతికున్నప్పుడు, చెరకు బండి వెళ్లే దారి గురించి ఆయనకీ మా మరిదికీ మాటా మాటా పెరిగింది. ఆ దారి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, అక్కడ చెరకే లేదు. కానీ మాటలు మాత్రం పోలేదు. మా ఆయన పోయిన రోజున చెల్లెలు ఏడుస్తూ వస్తే నా కొడుకు వీధి గుమ్మం దగ్గరే నిలబెట్టి వెనక్కి పంపేశాడు. చిన్నప్పుడు వేసవి సెలవలన్నీ వాళ్లింట్లో గడిపినవాడు. ఆ రోజు నేను నోరు తెరవలేకపోయాను. ఆ తర్వాత ఇంట్లో వాళ్ల ఊసే లేదు.

ఆడవాళ్లకి బస్సులో టికెట్టు తీసేశాక నాకు కాళ్లొచ్చాయి. ఆధారు కార్డు చూపిస్తే చాలు. ఆదివారం అమ్మవారి గుడికని చెప్పి, గుడిలో దండం పెట్టుకుని, అటునుంచటు కొండకర్ల బస్సెక్కేదాన్ని. చెల్లెలితో ఒక పూట కూర్చుని చీకటి పడకుండా వచ్చేసేదాన్ని. ఫోను ఇంట్లో వదిలేద్దామంటే కుదరదు. ఒకసారి బెల్లం మార్కెట్టులో కళ్లు తిరిగి కూలబడ్డాను. ఫోను లేకుండా గడప దాటొద్దని కొడుకు అప్పట్నుంచీ ఒకటే పోరు. ఇన్నాళ్లూ వీధి మలుపు తిరగగానే దాన్ని ఆర్పేసేదాన్ని. ఆర్పడం నాకు అలవాటేనని ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడెలా? ఆలోచించగా ఆలోచించగా ఒకటి తోచింది. చుక్క బయటికి కనిపించాలంటే దానికి దారుండాలి కదా. ఊరగాయ వాసన కూడా బయటికి రానివ్వని స్టీలు డబ్బాలు నా దగ్గర రెండున్నాయి, ఒక్కలాంటివి. ఒకదాంట్లో చెల్లెలికి నువ్వుండలు పెట్టాను. రెండోదాంట్లో ఫోను పెట్టి, మూత అరచేత్తో గట్టిగా నొక్కాను.

ఆ ఆదివారం చెల్లెలూ నేనూ అరుగు మీద కూర్చున్నాం. ఆవలో తామరాకుల మీద పిట్టలు నడుస్తున్నాయి. కబుర్లలో పడి బస్సు వేళ మరిచిపోయాం. "అక్కా, బేగి లెగు, బస్సొచ్చీసే వేళైపోనాది," అని అదే లేపింది. ఇచ్చిన డబ్బా తెచ్చుకోకుండా నేనెక్కడినుంచీ రాను. వచ్చిన డబ్బాని ఖాళీగా తిప్పి పంపడం మా చెల్లెలికి చేతకాదు. అది నింపిన డబ్బా, నా ఫోను డబ్బా అనుకున్నది, రెండూ సంచిలో వేసుకుని పరుగెత్తాను.

ఇంటికొచ్చి వంటగదిలో ఒక మూత తీశాను. చిక్కుడు గింజలు. రెండో మూత తీశాను. నాలుగు నువ్వుండలు, అది తినకుండా మనవరాలికని మిగిల్చినవి. ఫోను ఏది? ఈ రెండో డబ్బా ఎవరిది? తిప్పి చూస్తే అడుగున చెల్లెలింటి పేరు చెక్కి ఉంది. ఇద్దరి పెళ్లిళ్లప్పుడూ ఒక్క కొట్లోనే కొన్న డబ్బాలు. నా ఫోను డబ్బా అక్కడే ఉండిపోయింది.

ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాను. ఈలోగా కొడుకు ముందుగదిలోంచి కేకేశాడు.

"అమ్మా, పొద్దున్నుంచీ ఫోన్ సేత్తన్నాను. ఎత్తవేటి?"

"పోయిందిరా," అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. "బస్సులో."

కోడలు గరిటె పట్టుకునే వచ్చింది. మనవరాలు మాత్రం భయపడలేదు. దాని మొహం వెలిగిపోయింది.

"పోనీ! ఆర్పమను సూద్దాం! ఆడి తరం కాదు," అంటూ తన ఫోను తీసింది. "ఇదిగో నాన్నా, సుక్క!"

నేను కూడా వంగి చూశాను. ఆకుపచ్చ మీద నీలం చుక్క, గుండెలా కొట్టుకుంటోంది. స్టీలు డబ్బాలోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మనవరాలు రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసింది. నీళ్లొచ్చాయి. ఒడ్డొచ్చింది. ఇళ్లొచ్చాయి.

కొడుకు మొహం నల్లబడింది. పిన్ని ఇంటిని వాడు పైనుంచి కూడా పోల్చుకున్నాడు.

"ఆల్లేనా!" అన్నాడు. "బస్సులో నీ పక్కన కూకుని కొట్టేసేరన్నమాట. రేపు పొద్దున్నే స్టేషనుకెళ్తాను. ఈ సుక్క సూపిస్తాను. ఇప్పుడెలా తప్పించుకుంటారో సూత్తాను."

నా బుర్ర పనిచేయలేదు. దొంగ చేతిలో ఆరకూడదని పెట్టిన చుక్క అది. ఇప్పుడు వెలుగుతూ నా చెల్లెల్నే దొంగని చేస్తోంది. ఎక్కడుందో చెబుతోంది గాని ఎలా వెళ్లిందో చెప్పడం లేదు. వాడు చొక్కా వేసుకుని చెల్లెలింటికి పోలీసుల్ని తీసుకెళ్లడం, అది పక్కింటివాళ్ల ముందు గుమ్మంలో నిలబడటం, అన్నీ కనిపించాయి. ఒకసారి గుమ్మంలో నిలబెట్టినప్పుడు ఊరుకున్నాను. మళ్లీనా?

"ఆల్లు తియ్యలేదురా," అన్నాను. "నానే ఒగ్గేసొచ్చేను."

"ఎక్కడ?"

"పిన్నింట్లో. డబ్బాలో."

"ఫోను డబ్బాలో ఎట్టేవా?"

"సుక్క కనిపించదని."

మనవరాలు చీర కొంగు... దానికి కొంగెక్కడిది, చున్నీ నోట్లో కుక్కుకుంది. కోడలు గరిటె పుచ్చుకుని లోపలికి పోయింది. కొడుకు మాత్రం నవ్వలేదు.

"ఎన్నాళ్లనుంచి ఎళ్తన్నావు?"

"బస్సుకి టికెట్టు తీసేసినప్పట్నుంచి."

"గుడికని?"

"గుడికి కూడా ఎళ్లేనురా. అబద్ధం కాదు."

వాడు బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే వచ్చాడు, తిన్నాడు, మళ్లీ మెట్టు మీదికే పోయాడు. కోపమో మరేదో నాకు తెలియలేదు. కడుపున పుట్టినవాడి మొహం కూడా ఒక్కోసారి ఆ ఫోనులాగే, ఏం అడుగుతోందో తెలియదు.

పొద్దున్నే బండి తీసి, "ఎక్కు," అన్నాడు. ఎటు అని అడగడానికి భయమేసింది. స్టేషను ఉన్న వీధి దాటాక గాని ఊపిరి తీసుకోలేదు.

చెల్లెలింటి ముందు బండి ఆపాడు గాని దిగలేదు. అది డబ్బా పట్టుకుని వచ్చింది. నన్ను చూడలేదు, వాడికే చెప్పుకుంది.

"నాను తియ్యలేదు నాయినా. మీ అమ్మ ఎళ్లిపోయేక మూత తీసేను, మోగింది. మీ అమ్మ ఇక్కడికొచ్చిందని నీకు తెలిసిపోద్దని ఆర్పబోయేను. ఆరదే! ఏదో నెంబరడుగుతాది. గుడ్డ సుట్టేను, బియ్యంలో దాసేను, అయినా మోగతానే ఉంది. మోగినప్పుడల్లా అందులో నీ మొహం."

"ఎత్తొచ్చు కదా," అన్నాడు వాడు, హేండిల్ వైపు చూస్తూ.

"ఎత్తి ఏటి మాటాడను?"

వాడు చెయ్యి చాపి డబ్బా తీసుకున్నాడు. బరువుగా ఉందేమో, మూత తీశాడు. డబ్బా నిండా పెసలు, వాటి మధ్య ఫోను పడుకుని ఉంది. అంత భయంలోనూ డబ్బా ఖాళీగా ఇవ్వడానికి చెల్లెలికి మనసొప్పలేదు. వాడు ఆ పెసల వంక చాలాసేపు చూసి, మూత పెట్టి, నా ఒళ్లో పెట్టాడు.

ఆ ఇంటి డబ్బా మా ఇంట్లో ఉండిపోయింది. మనవరాలు, "నీ సుక్క ఆర్పీమంటే ఆర్పేస్తాను మామ్మా, వేలు నాదే కదా," అంది. ఆర్పమనాలో వద్దనాలో నాకు తెలియలేదు. ఆర్పితే దొంగ భయం, ఉంచితే కొడుకు భయం. వద్దులే అన్నాను.

తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే చీర మార్చుకుని, "గుడికెళ్లొస్తాను," అన్నాను. కొడుకు పేపరులోంచి తల ఎత్తలేదు.

"ఫోను డబ్బాలో ఎట్టకు," అన్నాడు. "అందులో పిన్నికేటైనా ఎట్టు."

తిట్టాడో, వెళ్లమని చెప్పాడో నాకిప్పటికీ తెలియదు. అడగలేదు. వెనక్కి వెళ్లి చెల్లెలి డబ్బా తీసి పొడిగుడ్డతో తుడిచాను.